కిరాణా కొట్టు, ఏజెన్సీల సరుకు: చిక్కు ఎక్కడ పడుతుంది, ఎలా విప్పాలి

సరుకు ఏజెన్సీ వాళ్లు, అంటే కంపెనీ సరుకు కొట్లకి పంచే డిస్ట్రిబ్యూటర్లు, వేస్తారని అంటాం గానీ, కొట్టువాడు నిజానికి నలుగురితో వ్యవహారం చేస్తాడు. ఆర్డర్ రాసుకునే సేల్స్‌మన్, బండిలో సరుకు తెచ్చే డెలివరీ కుర్రాడు, పెట్టుబడి పెట్టిన ఏజెన్సీ ఓనరు, ఆ వెనక కంపెనీ. సేల్స్‌మన్‌కి నెలాఖరు టార్గెట్ టెన్షన్. కుర్రాడికి మధ్యాహ్నంలోగా లైన్, అంటే ఆ రోజు తిరగాల్సిన కొట్ల వరస, పూర్తి చేయాలన్న తొందర. ఓనరుకి అరువులో ఇరుక్కున్న డబ్బు మీద దిగులు. కంపెనీకి కాగితం సరిగ్గా ఉంటే చాలు. సమస్య వీళ్లలో ఎవరి చేతిలో ఉందో తేల్చుకోకుండా ఎదురుగా కనబడిన సేల్స్‌మన్ మీద అరిస్తే మన గొంతు నొప్పి తప్ప ఏమీ రాదు.

"బిల్లులో పది ఉన్నాయి, దిగినవి తొమ్మిది"

ఇది ఎక్కువగా లూజు పీసుల్లో జరుగుతుంది. పూర్తి కేసులు గోడౌన్‌లో ఎత్తినవి ఎత్తినట్టే బండెక్కుతాయి. అర డజను షాంపూ సీసాలు, మూడు టూత్‌పేస్టులు, నాలుగు సబ్బుల్లాంటివి మాత్రం చేత్తో ఏరి ఏదో ఒక పాత అట్టపెట్టెలో కలిపేస్తారు. తప్పు అక్కడ పడుతుంది. దొంగతనం అనుకునే ముందు ఇది గుర్తు పెట్టుకోండి.

కుర్రాడు కొట్టు ముందు ఉండగానే తేలాల్సిన విషయం ఇది. కేసులు లెక్కపెట్టండి. కలగలుపు పెట్టెను కౌంటర్ మీద బోర్లించి, బిల్లు పక్కన పెట్టుకుని ఒక్కో వస్తువుకి టిక్కు కొట్టండి. తగ్గితే రెండు కాపీల మీదా ఆ వస్తువు చుట్టూ సున్నా చుట్టి "1 తక్కువ" అని రాసి, అతని సంతకం తీసుకుని, ఆ మేరకు తగ్గించి డబ్బు ఇవ్వండి. "రేపు సేల్స్‌మన్ చూసుకుంటాడన్నా" అంటాడు. అతని తప్పు కాదు, కానీ రేపటికి ఆ పెట్టె సంగతి గోడౌన్‌లో ఎవరికీ గుర్తుండదు. సీలు కేసులో తక్కువ ఉన్నట్టు తర్వాత తెలిస్తే, బ్యాచ్ నంబరు కనబడేలా ఫొటో తీసి అదే రోజు ఏజెన్సీ ఆఫీసు వాట్సాప్‌కి పంపండి.

కొట్టు కిటకిటలాడే వేళకే బండి వస్తోందా? మీ కొట్టు వరస ముందుకో వెనక్కో జరపమని ఓనరుకి ఫోన్ చేయండి. చాలామందికి ఇలా అడగొచ్చనే తట్టదు.

"స్కీము ఉందన్నాడు, బిల్లులో రాలేదు"

స్కీము అంటే ఇంత కొంటే ఇంత తగ్గింపు, లేదా ఇన్ని ఫ్రీ అనే ఆఫర్. గొడవలు ఎక్కువయ్యేది ఇక్కడే. కారణాలు ముఖ్యంగా మూడు, మూడింటికీ మందు వేరు.

ఒకటి, తేదీ. మీరు 30న ఆర్డర్ ఇచ్చారు, బిల్లు 2న పడింది. స్కీము 31తో అయిపోయింది. స్కీము బిల్లు తేదీని బట్టి పడుతుంది, ఆర్డర్ తేదీని బట్టి కాదు. నెలాఖరు ఆర్డర్ అయితే "బిల్లు ఈ నెలలోనే పడుతుందా" అని అడిగాకే చెప్పండి.

రెండు, స్టాకు. రెండు కేసులు తీసుకుంటే స్కీము. మీరు రెండే చెప్పారు, గోడౌన్‌లో ఒకటే ఉంది, ఒకటే పంపారు, స్కీము ఎగిరిపోయింది. ఇది ఏజెన్సీ వైపు లోటు కాబట్టి గట్టిగా అడిగే హక్కు మీకుంది. రెండో కేసు వచ్చినప్పుడు రెండింటికీ కలిపి ఇవ్వమనండి, లేదా వచ్చిన కేసు వెనక్కి పంపేయండి.

మూడు, "తర్వాత క్రెడిట్ నోట్ వస్తుంది" రకం, అంటే తగ్గింపు ఇప్పుడు బిల్లులో కాకుండా తర్వాత మీ ఖాతాకి జమ చేస్తామనడం. దీనికి సేల్స్‌మన్ నోటిమాట చాలదు. స్కీము పేరు, ఎంత శాతం, ఏ నెలలో జమ అవుతుంది అన్నది అతని చేతే వాట్సాప్‌లో రాయించుకోండి. అతను లైన్ మారిపోయినా ఆ మెసేజ్ ఓనరుకి చూపించొచ్చు. రాయడానికి వెనకాడితే ఆ స్కీము లేదనుకుని, అది లేకుండా గిట్టుబాటు అవుతుందా అని లెక్క వేసుకోండి.

లెక్క అంటే గుర్తొచ్చింది. "పన్నెండుకి ఒకటి ఫ్రీ" అనగానే మనసులో 8.33 శాతం మెదులుతుంది. కానీ చేతికొచ్చేవి 13, డబ్బు కట్టింది 12కి. అంటే తగ్గింది 7.69 శాతమే. డజను 360 రూపాయల వస్తువుకి 12+1 మీద పీసు 27.69 పడుతుంది, బిల్లులోనే 8 శాతం తగ్గిస్తే 27.60 పడుతుంది. రెండోదే మేలు. అదీగాక ఫ్రీ పీసు అమ్ముడుపోయాకే లాభం, బిల్లులో తగ్గింపు అప్పటికప్పుడే చేతిలో ఉంటుంది.

"అడిగింది రాలేదు, అడగనిది వచ్చింది"

కారణం టార్గెట్, ఇంకేం లేదు. బాగా పోయే డిటర్జెంట్ కావాలంటే కదలని కొత్త ఫ్లేవర్ బిస్కెట్ ఒక కేసు తీసుకోవాలన్నట్టు నెలాఖరులో మెలిక పెడతారు. ఆర్డర్ అయిపోగానే దాని ఫొటోనో, యాప్ మెసేజో అడిగి తీసుకోండి. అందులో లేనిది బండి దిగకముందే తిప్పి పంపండి. ఒకసారి దిగి అల్మారా ఎక్కాక అది మీ సరుకే. అయితే ప్రతిసారీ ఖండితంగా వద్దనడం కూడా మంచిది కాదని నా అభిప్రాయం. టార్గెట్‌కి కాస్త తక్కువ పడినప్పుడు అర కేసు తీసుకున్న కొట్టుకి, సరుకు కొరత వచ్చినప్పుడు సేల్స్‌మన్ ముందుగా స్టాకు పక్కన పెడతాడు. అర కేసు వరకే, అదీ అమ్ముడుపోకపోతే వెనక్కి తీసుకుంటానని రాసిస్తేనే.

"ఎక్స్‌పైరీ సరుకు వెనక్కి తీసుకోవడం లేదు"

ముందు ఒక ప్రశ్న: ఆ సరుకు ఈ ఏజెన్సీదేనా? హైదరాబాద్ బేగంబజార్‌లోనో, మీ ఊరి హోల్‌సేల్‌లోనో చౌకగా దొరికిందని తెచ్చింది లైన్ ఏజెన్సీకి తిప్పి ఇద్దామంటే కుదరదు. బ్యాచ్ నంబరు చూసి వాళ్లు ఇట్టే పట్టేస్తారు. హోల్‌సేల్ రేటు తక్కువగా ఉండటానికి ఒక కారణం రిటర్న్ లేకపోవడమే.

ఏజెన్సీదే అయితే అసలు సంగతి కంపెనీ క్లెయిమ్‌లో ఉంటుంది. మన దగ్గర తీసుకున్నదాన్ని ఏజెన్సీ కంపెనీకి చూపించి డబ్బు రాబట్టుకోవాలి. దానికి గడువు, పరిమితి కంపెనీని బట్టి ఉంటాయి. గడువు దాటాక ఆ నష్టం ఓనరు జేబులోంచే పోతుంది, అందుకే ఫోన్ ఎత్తడు. కాబట్టి ఒక్కో ఏజెన్సీని ఒకసారి సూటిగా అడిగి తెలుసుకోండి: ఎక్స్‌పైరీకి ఎన్ని రోజుల ముందు ఇవ్వాలి, దాటాక తీసుకుంటారా, తీసుకుంటే ఎంత శాతం ఇస్తారు. ఆ జవాబు కౌంటర్ వెనక అట్టముక్క మీద రాసి అంటించండి.

సేల్స్‌మన్ సంచిలో వేసుకుపోయే సరుకు విషయంలో మరీ జాగ్రత్త. పేరు, బ్యాచ్, ఎన్ని పీసులు, ఎంఆర్‌పీ రాసిన చీటీ మీద సంతకం లేకుండా ఒక్క ప్యాకెట్ కూడా ఇవ్వొద్దు. మూడు నెలల తర్వాత "ఆ సేల్స్‌మన్ మానేశాడండీ, మాకేమీ ఇవ్వలేదు" అన్న మాట వినబడుతుంది.

కొత్త సరుకు దిగేటప్పుడే తేదీ చూడటం ఇంకా తేలిక. ఆరు నెలల ఆయుష్షున్న ప్యాకెట్ నెలన్నరే మిగిలి వస్తే దించుకోకండి. ఇక తేదీ దాటింది అల్మారాలో ఉండగా తనిఖీ వస్తే, "ఏజెన్సీ తీసుకెళ్లలేదు" అన్న జవాబు పనిచేయదు. 2006 ఆహార భద్రత, ప్రమాణాల చట్టం ప్రకారం గడువు దాటింది అమ్మితే బాధ్యత అమ్మినవాడిదే. ఆ సరుకంతా విడిగా ఒక పెట్టెలో వేసి "అమ్మకానికి కాదు" అని రాసి ఉంచండి.

"రేటు తగ్గింది, నా దగ్గర పాత స్టాకు మిగిలింది"

2025 సెప్టెంబర్ 22న సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్టులు, తలనూనె, బిస్కెట్ల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గినప్పుడు ప్రతి కొట్టులో ఇదే గోల. డిటర్జెంట్ 18లోనే ఉండిపోయిందని కస్టమర్లకి నచ్చజెప్పలేక ఇంకో తంటా. రెగ్యులర్ జీఎస్టీలో ఉన్నవాళ్లకి పాత బిల్లుల్లో కట్టిన పన్ను లెడ్జర్‌లో క్రెడిట్‌గానే ఉంటుంది, వేరే సరుకు పన్నుకి వాడుకోవచ్చు. కాంపొజిషన్‌లో, అంటే అమ్మకాల మీద చిన్న శాతం పన్ను కట్టే చిన్న వ్యాపారుల పద్ధతిలో, ఉన్నవాళ్లకి ఆ దారి లేదు. వాళ్లకి ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నుని అమ్మకం పన్నులో తగ్గించుకోవడం) రాదు కాబట్టి కంపెనీ ఇచ్చే రేటు తేడా ఒక్కటే ఆసరా. అందుకని రేటు మార్పు అమల్లోకి వచ్చే ముందు రాత్రే బ్రాండు వారీగా ఉన్న స్టాకు లెక్క రాసి, ఫొటోలతో ఏజెన్సీకి పంపాలి. నాలుగు రోజులయ్యాక పంపే లెక్కను ఎవరూ నమ్మరు.

"పక్క కొట్టువాడికి నూనె టిన్ను చౌకగా ఎలా వస్తోంది?"

చాలాసార్లు చౌక కాదు. ఒకటి 15 కిలోల టిన్ను, ఇంకొకటి 15 లీటర్లది. లీటరు నూనె దాదాపు 910 గ్రాములు తూగుతుంది, అంటే 15 లీటర్ల టిన్నులో ఉండేది 13.65 కిలోలే. కిలో రేటు కట్టి పోల్చండి. బియ్యానిదీ ఇదే తీరు. 2022 జూలై 18 నుంచి 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ పడింది, దాంతో 26 కిలోల బస్తాలు వచ్చాయి. 25తో 26ని పోల్చి బేరమాడితే బేరం చెడుతుంది.

"పన్ను కట్టించుకున్నారు, ఇన్‌పుట్ కనబడలేదు"

కాంపొజిషన్‌లో ఉన్నవాళ్లు ఇది వదిలేయండి. మిగతావాళ్లు ప్రతి నెలా 14 తర్వాత జీఎస్టీఆర్-2బి (మీకు రావాల్సిన ఇన్‌పుట్ క్రెడిట్ చూపే జీఎస్టీ పోర్టల్ జాబితా) తీసి బిల్లులతో సరిచూడండి. ఏదైనా బిల్లు అందులో లేకపోతే ముందు మీ బిల్లే చూసుకోండి, దాని మీద మీ జీఎస్టీ నంబరు ఉందా, అంకె తప్పు పడలేదు కదా అని. అది సరిగ్గా ఉంటే, ఏజెన్సీ మూడు నెలలకోసారి రిటర్న్ వేసే రకమేమో అడగండి. అలాగైతే బిల్లు ఆలస్యంగా కనబడొచ్చు. అదీ కాకపోతే వాళ్లు రిటర్న్ వేయలేదు. అప్పుడు తర్వాతి బిల్లులో ఆ పన్ను మొత్తం వరకు ఆపి, ఎందుకు ఆపారో రాసి పంపండి. ఇంతకంటే వేగంగా పనిచేసే మందు నేను చూడలేదు.

"డబ్బు కట్టాం, బాకీ ఉందంటున్నారు"

సేల్స్‌మన్ సొంత నంబరుకి యూపీఐ కొట్టడమే ఇందులో పెద్ద రోగం. అతను జమ చేయడం మరిచిపోయినా, వాడేసుకున్నా, ఏజెన్సీ పుస్తకంలో మీరు బాకీదారే. బాకీ పాతబడితే వాళ్ల సాఫ్ట్‌వేర్ కొత్త బిల్లు కూడా వేయనివ్వదు. "హఠాత్తుగా అరువు ఆపేశారు" అని మనం అనుకునేది చాలావరకు ఇదే. డబ్బు ఏజెన్సీ ఖాతాకో, వాళ్ల క్యూఆర్‌కో మాత్రమే పంపండి, నోట్‌లో బిల్లు నంబరు వేయండి. నగదు ఇస్తే రసీదు తీసుకోండి, అదీ ఒక ఏజెన్సీకి రోజుకి 10,000 దాటకుండా. దాటితే ఆదాయపన్ను లెక్కలో ఆ ఖర్చు ఒప్పుకోరు. నెలకోసారి లెడ్జర్ స్టేట్‌మెంట్ తెప్పించి మీ చిట్టాతో పోల్చండి.

సెక్యూరిటీ అని సంతకం చేసిన ఖాళీ చెక్కు అడిగితే ఎన్ని రూపాయలో రాయకుండా ఇవ్వకండి. చెక్కు తిరిగొచ్చిందని నోటీసు వస్తే గొడవకి దిగకుండా తేదీ చూసుకోండి. నోటీసు అందిన 15 రోజుల్లో మొత్తం కట్టేస్తే సెక్షన్ 138 కింద చెక్ బౌన్స్ కేసు నిలవదు.

ఊళ్లో అప్పడాలు, పచ్చళ్లు పెట్టేవాళ్ల దగ్గర

ఇక్కడ ఆలస్యం మన వైపు నుంచే జరుగుతుంది. ఏజెన్సీ బిల్లు కట్టి, వీధి చివర అప్పడాలు చేసే అక్కకి "వచ్చే వారం చూద్దాం" అంటాం. ఆమెకి ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకి కేంద్రం ఇచ్చే నమోదు) ఉంటే సూక్ష్మ సంస్థల చట్టం వర్తిస్తుంది. రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో కట్టాలి. దాటితే రిజర్వ్ బ్యాంకు రేటుకి మూడింతల వడ్డీ, అదీ చక్రవడ్డీ. తయారుచేసేవాళ్లకి ఉన్న ఈ రక్షణ, కొని అమ్మే ఏజెన్సీలకి లేదు. సరుకు అమ్ముడుపోయాకే డబ్బు ఇవ్వాలనుకుంటే ఆ మాట ముందే చెప్పి, ఎన్ని ప్యాకెట్లు పెట్టారో, ఎప్పుడు లెక్క చూస్తారో ఇద్దరి పుస్తకాల్లోనూ రాసుకోండి.