తొలకరికి ముందే నిమ్మచెట్టు సంగతి చూడండి

పెరట్లో నిమ్మచెట్టుంటే రోహిణి కార్తె ఊరికే పోనివ్వకండి. వానలు పట్టుకున్నాక గజ్జి తెగులుకు మందు వెతుక్కోవడం ఆలస్యమే. అది బ్యాక్టీరియా తెగులు. పాత మచ్చల్లోంచి వాన చినుకుల తుంపరతో, గాలితో లేత చిగురు మీదికి ఎగబాకుతుంది. ఆకు మీద పసుపు అంచుతో గరుకుగా లేచిన గోధుమరంగు మచ్చలు కనిపిస్తే అదే. పులుపు నిమ్మకు దీని బాధ మరీ ఎక్కువ.

కాబట్టి ముందు కత్తెర పట్టండి. మచ్చలున్న రెమ్మలు, ఎండు పుల్లలు పొడి వాతావరణంలోనే తీసేయాలి. ఎండిన చోట కాదు, దానికింద పచ్చి భాగంలో రెండంగుళాల దాకా లోపలికి కోయండి. ఒక్కో చెట్టుకూ కత్తెరను స్పిరిట్‌తో తుడవండి. కోసినవన్నీ కాల్చేయండి. కంపోస్టు గుంటలో వేస్తే తెగులును మనమే దాచిపెట్టుకున్నట్టు.

తర్వాత బోర్డో మిశ్రమం. ఫ్రాన్సులో ద్రాక్షతోటల కోసం 1880లలో పుట్టిన మందు, ఇప్పటికీ పాతబడలేదు. 100 గ్రాముల మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) 5 లీటర్ల నీళ్లలో, 100 గ్రాముల సున్నం మరో 5 లీటర్లలో, రెండూ ప్లాస్టిక్ బకెట్లలోనే కలపాలి. వడగట్టి, తుత్తం నీళ్లను సున్నపు నీళ్లలోకి పోస్తూ కలియబెట్టాలి. ఇనుప చాకు ముంచి చూడండి: ఎర్రటి రాగి పూత పడితే సున్నం చాలలేదు, ఇంకాస్త పోయాలి. ఇది చూడకుండా కొడితే ఆకు మాడుతుంది. కలిపిన రోజే, ఎండ తగ్గాక, చేతికి తొడుగు, ముక్కుకు గుడ్డ కట్టుకుని పిచికారీ చేయండి. ఇందులో వేరే మందులేవీ కలపొద్దు. ఇంత శ్రమ పడలేనివాళ్లు కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు కలిపి కొట్టుకోవచ్చు. వానల్లో కొత్త చిగురు వచ్చినప్పుడు మరోసారి కొట్టాలి. మందు కొట్టాక కోసిన కాయలు బాగా కడుక్కోవాలి.

చిగురాకుల్లో పాము పాకినట్టు తెల్లటి చారలుంటే ఆకు తొలిచే పురుగు. ఆ గాయాలే గజ్జికి దారి. లీటరుకు 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి చిగురు మీద వేరే రోజు కొట్టండి. వానకు ముందు యూరియా దండిగా వేయొద్దు. లేత చిగురు ఒక్కసారిగా తోసుకొచ్చి పురుగును పిలుస్తుంది.

ఇక చెట్టు మొదలు సంగతి. కాండానికి ఆనుకుని నీళ్లు నిలిస్తే బంక తెగులు వస్తుంది. బెరడు పగిలి జిగురు కారుతుంది. మొదలు చుట్టూ మట్టిని కాస్త ఎత్తుగా చేసి, పాదు దూరంగా తీయండి. అంటు కట్టిన చోటు మట్టిలో పూడకూడదు. జిగురు కారుతుంటే చెడిన బెరడు చెక్కేసి, తుత్తం, సున్నం 100 గ్రాముల చొప్పున లీటరు నీళ్లలో కలిపిన పేస్టు పూయండి. కాండానికి రెండు, మూడు అడుగుల ఎత్తు దాకా ముందే పూసి ఉంచితే ఇంకా మేలు.

గులాబీకీ ఇదే వరస: ఎండు కొమ్మ తీయడం, కోత మీద పేస్టు రాయడం.

కొత్త మొక్క కొంటుంటే నర్సరీలోనే ఆకులు తిప్పి రెండు వైపులా చూడండి. ఒక్క మచ్చ ఉన్నా వద్దనండి. దొరికితే గజ్జిని కొంత తట్టుకునే బాలాజీ రకం అడగండి.