ఫుట్‌బాల్ మొహం మొత్తిందా? అయితే ఇలా చేసి చూడండి

ముందు మీది మామూలు అలసటా, బర్నౌటా (అంటే విశ్రాంతి తీసుకున్నా తీరని నీరసం, ఆటంటేనే విసుగు) తేల్చుకోండి. ఓ నాలుగైదు రోజులు బంతి ముట్టకుండా బాగా తిని, కంటినిండా నిద్రపోండి. ఆ తర్వాత షూస్ కనబడగానే కాళ్లు గ్రౌండ్ వైపు లాగుతుంటే అది అలసటే, తీరిపోయింది. అలా కాకుండా "రేపు మ్యాచ్, ఎవరెవరు వస్తున్నారు?" అని గ్రూప్‌లో మెసేజ్ చూడగానే నీరసం ముంచుకొచ్చి, వాన పడి మ్యాచ్ క్యాన్సిల్ అయితే బాగుండు అనిపిస్తుంటే, పైగా ఇది వారాల తరబడి సాగుతుంటే, అనుమానించాల్సిందే.

క్రీడాకారుల్లో బర్నౌట్‌ని కొలవడానికి రేడెకె, స్మిత్ అనే పరిశోధకులు 2001లో 15 ప్రశ్నల పట్టిక తయారుచేశారు. అది చూసేవి మూడు: ఒళ్లూ మనసూ రెండూ అలిసిపోవడం, ఎంత ఆడినా ఏమీ సాధించట్లేదనిపించడం, ఆట మీదే పట్టింపు పోవడం. నా లెక్కలో మూడోదే ప్రమాదం. మొదటి రెండూ మైదానంలో ఎంతోకొంత బయటపడతాయి, మూడోది ఉన్నవాడు మాత్రం టైమ్‌కి వస్తాడు, పాస్‌లు ఇస్తాడు, నవ్వుతాడు కూడా, ఎవరికీ తెలియదు.

ఇప్పుడు ఒక డైరీ పెట్టండి. ప్రాక్టీస్ అయిన అరగంటకి, ఎంత కష్టమనిపించిందో 0 నుంచి 10లో ఒక అంకె వేసి, ఆడిన నిమిషాలతో గుణించండి. 90 నిమిషాలు, కష్టం 7 అంటే 630. పెద్ద క్లబ్బుల్లో ఎవరెంత పరిగెత్తారో చూపే జీపీఎస్ జాకెట్లతో పాటు ఈ లెక్క కూడా వాడతారు, మనకి పెన్నూ కాగితం చాలు. వారం మొత్తం కూడి పక్కన నిద్ర గంటలు, ఆ రోజు ఆడాలని ఉందా లేదా అన్నది కూడా రాయండి. మొత్తం పెరిగిందా అన్నదొక్కటే చూడొద్దు, పోయిన నెల 5 అనిపించిన అదే ప్రాక్టీస్ ఈ నెల 8 అనిపిస్తోందంటే లోపల ఏదో తేడా వచ్చినట్టే.

ప్రొఫెషనల్స్‌కి ఉన్న చిక్కు ఏంటంటే క్యాలెండర్ వాళ్ల చేతిలో ఉండదు. స్పెయిన్ మిడ్‌ఫీల్డర్ పెద్రి 2020-21లో బార్సిలోనాకీ స్పెయిన్‌కీ కలిపి 73 మ్యాచ్‌లు ఆడాడు, యూరో కప్ (యూరప్ దేశాల టోర్నమెంట్) అయ్యీ అవ్వగానే టోక్యో ఒలింపిక్స్, కుర్రాడికి ఇంకా 18 ఏళ్లే! తర్వాతి సీజన్‌లో తొడ గాయాలతో చాలాకాలం బయటే ఉన్నాడు. మాంచెస్టర్ సిటీ ఆటగాడు రోద్రి 2024 సెప్టెంబర్‌లో ఆటగాళ్లు సమ్మెకి దగ్గర్లో ఉన్నారన్నాడు, అదే నెలలో ఆర్సెనల్‌తో మ్యాచ్‌లో ఆయన మోకాలి లిగమెంట్ తెగింది. ఆ ఒక్క గాయం అలసట వల్లేనని తేల్చి చెప్పలేం గానీ ఆయన మాట మాత్రం సబబే. ఆటగాళ్ల సంఘం ఫిఫ్‌ప్రో సీజన్ల మధ్య కనీసం 28 రోజుల సెలవు ఉండాలంటోంది. ఫ్రాన్స్‌తో వరల్డ్‌కప్ గెలిచిన అంతటి డిఫెండర్ వరాన్ కూడా 29 ఏళ్లకే జాతీయ జట్టు వదిలేసి క్లబ్‌కే పరిమితమయ్యాడు. మీరు క్లబ్‌కి ఆడుతుంటే టీమ్ డాక్టర్‌కి డైరీ చూపించి మాట్లాడండి, "మోటివేషన్ లేదు సార్" అని కోచ్‌తో అంటే మాత్రం ఇంకో గంట ప్రాక్టీస్ తగిలించే అవకాశమే ఎక్కువ.

సరదాకి ఆడేవాళ్లది వేరే కథ. హైదరాబాద్‌లో ఆఫీసయ్యాక రాత్రి పది గంటలకి అద్దె టర్ఫ్ గ్రౌండ్‌లో స్లాట్, ఆడొచ్చి స్నానం చేసి పడుకునేసరికి ఒంటిగంట, పొద్దున్నే ఆఫీసు టీమ్‌తో స్టాండప్ కాల్! ఇక్కడ ఆట కంటే నిద్ర, ఆఫీసు టెన్షనే ఎక్కువ పిండేస్తాయి. కాబట్టి లేట్ స్లాట్ మానేసి వారాంతం పొద్దున ఒక్కటే ఉంచుకోండి. రెండు టీమ్‌లకి ఆడుతుంటే ఒకటి వదలండి, "ఈ సీజన్‌కి నన్ను లెక్కలో పెట్టుకోకండి బ్రో" అని ముందే చెప్తే ఎవరూ ఏమీ అనుకోరు, చివరి నిమిషంలో ఎగ్గొడితేనే తిడతారు.

పిల్లల విషయంలో అమ్మానాన్నలు ఒక లెక్క గుర్తుపెట్టుకోండి: వారంలో ప్రాక్టీస్ గంటలు పిల్లాడి వయసు అంకె దాటకూడదు, వారానికి ఒకరోజైనా పూర్తి విశ్రాంతి ఉండాలి. ఇంటికొచ్చే దారిలో బండి మీద మ్యాచ్ పోస్ట్‌మార్టం వద్దు, ప్లీజ్.

విశ్రాంతి తీసుకున్నా నీరసం పోకపోతే రక్తపరీక్ష చేయించండి, హిమోగ్లోబిన్ తక్కువైనా థైరాయిడ్ తేడా చేసినా అచ్చం ఇలాగే ఉంటుంది. ఆట ఒక్కటే కాదు, తిండి, స్నేహితులు, ఏదీ పట్టకపోతే అది డిప్రెషన్ కావచ్చు, మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేస్తే ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

తిరిగి మొదలుపెట్టేటప్పుడు మాత్రం నేరుగా టోర్నమెంట్‌లోకి దూకకండి. మొదట అరగంట, స్కోర్ లెక్కపెట్టకుండా, మీరెప్పుడూ ఆడని పొజిషన్‌లో ఆడండి. డిఫెండరైతే ముందుకెళ్లి నాలుగు షాట్లు కొట్టండి, గోల్ పడకపోయినా పర్లేదు. రెండు మూడు వారాలు అలా గడిచి, ఇంకాసేపు ఆడాలని మీకే అనిపిస్తేనే మ్యాచ్‌కి పేరివ్వండి.