మూకీ కమెడియన్లు టాకీల్లో ఎలా మాట్లాడారో చూడాలంటే ఇలా మొదలుపెట్టండి

ముందు ఒక్కో కమెడియన్‌వి రెండు సినిమాలు పక్కపక్కన పెట్టుకోండి, ఒకటి మూకీ, ఒకటి మొదటి టాకీ. 1927 తర్వాత హాలీవుడ్ అంతా సౌండ్ వైపు పరిగెత్తింది, అప్పటి కెమెరాల చప్పుడు మైక్‌లో పడకుండా వాటిని బాక్సుల్లో పెట్టేవాళ్ళు, దాంతో కెమెరా కదలడం తగ్గిపోయి కామెడీ కూడా నెమ్మదించింది, చూసేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

లారెల్, హార్డీతో మొదలుపెడితే బెస్ట్. 1929లో టాకీల్లోకి వచ్చిన వీళ్ళు ఎక్కువ మాటల జోలికి పోలేదు, కింద పడేది చూపించకుండా ఆ చప్పుడు మాత్రమే వినిపించి నవ్వించారు, నాకైతే సౌండ్‌ని ఇంత తెలివిగా వాడినవాళ్ళు అప్పట్లో ఇంకెవరూ కనపడలేదు. ఒకసారి వాల్యూమ్ తీసేసి చూడండి, సగం నవ్వు పోతుంది!

తర్వాత హెరాల్డ్ లాయిడ్ 'వెల్కమ్ డేంజర్' (1929), ముందు మూకీగా తీసి మళ్ళీ సౌండ్‌తో చేశారు కాబట్టి డైలాగ్ పెదాలకి కుదురుతోందా లేదా గమనించండి.

బస్టర్ కీటన్ అనే ఇంకో మూకీ కమెడియన్ టాకీలు చూసేముందు ఒక మాట, ఆయన 1928లోనే ఎంజీఎం అనే పెద్ద స్టూడియోలో చేరి సొంతంగా సినిమా తీసుకునే స్వేచ్ఛ పోగొట్టుకున్నాడు, ఆ టాకీలు ఆయన పాత సినిమాల్లా లేకపోవడానికి కారణం అదే, గొంతు బాలేదని కాదు, పాపం.

చాప్లిన్‌ని చివర్లో చూడండి, వరసగా 'సిటీ లైట్స్' (1931), 'మోడరన్ టైమ్స్' (1936), 'ది గ్రేట్ డిక్టేటర్' (1940). రెండోదాంట్లో అర్థంలేని మాటలతో పాట పాడతాడు, ఆ సీన్ రెండుసార్లు చూడండి, మొదటిసారి చేతులు, రెండోసారి గొంతు.