"బోరుకొచ్చింది" అనే ముందు: లక్షన్నర కిలోమీటర్లు దాటిన కారు సమస్యలు, పరిష్కారాలు

లక్షన్నర కిలోమీటర్లు తిరిగిన కారును గ్యారేజీకి తీసుకెళ్లి "పికప్ తగ్గింది, ఆయిల్ తాగుతోంది" అని చెప్పి చూడండి. చాలా చోట్ల వచ్చే మొదటి మాట "ఇంజిన్ బోరుకొచ్చింది సార్". అంటే సిలిండర్ల లోపలి గోడలు అరిగాయి, ఇంజిన్ విప్పి బోరు చేయించాలి అని. నిజంగానే బోరుకొచ్చిన ఇంజిన్లు లేకపోలేదు. అయితే ఆ తీర్పు చెప్పే ముందు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. వాటిలో చాలావరకు ఇంటి ముందు, బోనెట్ ఎత్తి, మనమే చూసుకోవచ్చు. ఖర్చు లేని పరీక్ష ముందు, పార్టు మార్చడం ఆ తర్వాత, ఇంజిన్ విప్పడం అన్నిటికన్నా చివర. కింద రాసినదంతా ఈ వరుసలోనే ఉంటుంది.

వ్యాగన్ ఆర్, స్విఫ్ట్, ఐ10, శాంట్రో లాంటి చిన్న పెట్రోలు కార్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. డీజిల్ బండ్లకు ఇందులో కొంతే వర్తిస్తుంది. సామాన్లు పెద్దగా అక్కర్లేదు: పానాల సెట్టు, ప్లగ్ పానా, టార్చి, గరాటు, పాత బనియన్ గుడ్డలు. గత పదేళ్లలో వచ్చిన కారైతే ఫోనుకు కలిసే చిన్న ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్లోని తప్పుల కోడ్లు చదివేది) ఒకటి కొనుక్కోండి, డబ్బు వృథా కాదు. కారు కిందికి దూరాల్సి వస్తే మాత్రం ఒక్క జాకీని నమ్మి దూరొద్దు, స్టాండు ఉండాల్సిందే.

లక్షణం: ఆయిల్ తగ్గిపోతోంది, సైలెన్సర్ నుంచి నీలం పొగ

ముందు ఎంత తగ్గుతోందో తేల్చుకోవాలి. బండిని చదునైన నేల మీద ఆపి, పది నిమిషాలు ఆగి, డిప్ స్టిక్ తీసి తుడిచి, మళ్లీ ముంచి చూడండి. ఆయిల్ సరిగ్గా పై గీత దాకా పోసి, మీటర్ రీడింగ్ రాసిపెట్టుకోండి. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూడండి. చాలా చిన్న కార్లలో రెండు గీతల మధ్య తేడా సుమారు లీటరు. వెయ్యికి పావు లీటరు తగ్గితే ఈ వయసు ఇంజిన్‌కి కంగారు పడాల్సిన పని లేదు. అర లీటరు దాటితే కారణం వెతకాలి. లీటరుకు దగ్గరైతే ఆలస్యం చేయకూడదు.

ఆయిల్ కారుతోందా, కాలుతోందా? రాత్రి ఇంజిన్ కింద అట్టముక్క పరిచి పొద్దున చూడండి. మరకలుంటే కారుతున్నట్టు. అప్పుడు టార్చితో పై నుంచి కిందికి వెతకండి. ఆయిల్ ఎప్పుడూ కిందికే జారుతుంది కాబట్టి తడి కనబడే అన్నిటికన్నా పై చోటే అసలు చోటు. ఎక్కువసార్లు అది రాకర్ కవర్ (ఇంజిన్ పై మూత) గ్యాస్కెట్. గట్టిపడి పెళుసైన ఆ రబ్బరును ఇంట్లోనే మార్చుకోవచ్చు. కవర్ బోల్టులను మధ్య నుంచి బయటికి, కొద్దికొద్దిగా బిగించండి, బలం చూపిస్తే అల్యూమినియం మరలు పోతాయి. ఇంజిన్‌కీ గేర్‌బాక్సుకీ మధ్య నుంచి కారుతుంటే అది క్రాంక్ వెనక సీల్. గేర్‌బాక్సు దింపాలి, కాబట్టి మెకానిక్ పని.

మరకలు లేకుండా తగ్గుతుంటే కాలుతున్నట్టు. ఇక్కడ పొగ వచ్చే సమయమే సగం జవాబు చెబుతుంది. రాత్రంతా ఆగిన బండి పొద్దున సెల్ఫ్ కొట్టగానే ఒక్కసారి నీలం పొగ వదిలి, తర్వాత మామూలైపోతే వాల్వ్ సీళ్లు (వాల్వుల కాడల చుట్టూ ఉండి ఆయిల్ సిలిండర్లోకి దిగకుండా ఆపే రబ్బర్లు) గట్టిపడ్డాయి. తిరుమల మొదటి ఘాట్ రోడ్డులో తక్కువ గేర్లో దిగి వచ్చి, కింద యాక్సిలరేటర్ తొక్కగానే వెనక పొగ లేస్తే అదీ ఎక్కువసార్లు వాల్వ్ సీళ్ల పనే. దిగేటప్పుడు ఇంటేక్‌లో పీల్పు బాగా పెరిగి సీళ్ల సందుల్లోంచి ఆయిల్‌ను లాగుతుంది. అలా కాకుండా ఇంజిన్ వేడెక్కాక కూడా, లోడు మీద తొక్కినంతసేపూ పొగ వస్తూనే ఉంటే అనుమానం రింగుల (పిస్టన్ చుట్టూ ఉండి సిలిండర్ గోడతో సందు మూసేవి) మీదికి వెళ్తుంది.

రింగుల దాకా వెళ్లే ముందు పీసీవీ వాల్వ్ చూడండి. రింగుల పక్క నుంచి కొంత గ్యాస్ ఆయిల్ ఉండే భాగంలోకి దిగడం మామూలే. ఆ గ్యాస్‌ను మళ్లీ ఇంటేక్‌లోకి పంపే చిన్న వన్‌వే వాల్వ్ ఇది. మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి సీళ్ల నుంచి ఆయిల్ బయటికి తోస్తుంది. తెరిచి ఇరుక్కుపోతే ఆయిల్ ఆవిరిని నేరుగా ఇంజిన్‌కి తాగిస్తుంది. అంటే కారడానికీ కాలడానికీ రెండింటికీ ఇదే కారణం కావచ్చు. దాన్ని ఊడదీసి చెవి దగ్గర ఊపండి. లోపల ముక్క టిక్కుటిక్కుమని కదలాలి. ఒకవైపు నుంచి ఊదితే గాలి పోవాలి, రెండోవైపు నుంచి పోకూడదు. చప్పుడు లేకుండా జిడ్డు ముద్దలా ఉంటే కడుగుతూ కూర్చోవద్దు, కొత్తది వేయండి. చిన్న కార్లలో ఇది కొన్ని వందల రూపాయల వస్తువు. మా బంధువుల వ్యాగన్ ఆర్‌కి ఒక గ్యారేజీలో రింగులు మార్చాలని లెక్క కూడా రాసిచ్చారు. ఈ వాల్వ్‌తో పాటు ఎండిపోయి చీలిన దాని ట్యూబు మార్చాక ఆయిల్ తగ్గడం చాలావరకు ఆగింది.

అది బాగానే ఉండి పొగ ఆగకపోతే కంప్రెషన్ పరీక్ష, అంటే ఒక్కో సిలిండర్లో ఎంత ఒత్తిడి వస్తోందో గేజ్ పెట్టి చూడటం. గేజ్ అద్దెకు దొరక్కపోతే ఏ మెకానిక్ అయినా చేసిపెడతాడు, కానీ దగ్గరుండి చూడండి. ప్లగ్గులన్నీ తీసి, పెట్రోలూ స్పార్కూ రాకుండా చేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టాలి. సిలిండర్ల మధ్య తేడా పది శాతానికి మించకపోతే మంచిది. ఒకటి బాగా తక్కువ చూపిస్తే ఆ సిలిండర్లో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. రీడింగ్ పెరిగిందంటే తప్పు రింగుల్లో ఉంది. కదలకపోతే వాల్వుల్లోనో, సిలిండర్లకీ వాటి పైనుండే హెడ్ భాగానికీ మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్‌లోనో ఉంది. ఈ రెండో పరీక్ష చేయకుండా ఎవరైనా బోరు మాట ఎత్తితే ఒప్పుకోవద్దు. వాల్వ్ సీళ్ల వరకే అయితే, సిలిండర్లోకి గాలి ఒత్తిడి పెట్టి హెడ్ దించకుండా మార్చే పనివాళ్లున్నారు.

ఆయిల్ గ్రేడు సంగతి. మాన్యువల్లో రెండు మూడు గ్రేడులు ఇచ్చి ఉంటే వాటిలో కాస్త చిక్కనిది వాడటంలో తప్పు లేదు. మన ఎండలకు 5డబ్ల్యూ-30 బదులు 10డబ్ల్యూ-40 వేస్తే, మాన్యువల్ ఒప్పుకుంటేనే సుమా, తాగడం కొంత తగ్గొచ్చు. "పొగ ఆపే మందు" అని డబ్బాల్లో అమ్మేవాటి మీద నాకు నమ్మకం లేదు. బండి అమ్మే ముందు పోసేవాళ్లకే అవి ఎక్కువ ఉపయోగం. కొత్తగా కొన్న పాత కారు మొదట్లో పొగ లేకుండా ఉండి, ఆయిల్ మార్చాక పొగ మొదలైతే ఆ కోణంలో ఆలోచించండి.

లక్షణం: టెంపరేచర్ ముల్లు పైకి పోతోంది

ఈ ఒక్క విషయంలో మొండితనం పనికిరాదు. వేడికి అల్యూమినియం హెడ్ వంగిందంటే చిన్న ఖర్చు పెద్దదవుతుంది. ముల్లు లేవగానే ఏసీ ఆపి, హీటర్ ఫుల్లు పెట్టండి, కొంత వేడి లోపలికి లాగుతుంది. వీలైన మొదటి చోట పక్కకు ఆపి ఇంజిన్ కట్టేయండి. రేడియేటర్ మూత మాత్రం అరగంటైనా ముట్టుకోవద్దు. మూత కింద ఒత్తిడి ఉంటుంది కాబట్టే నీళ్లు వంద డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి. మూత తిప్పగానే ఆ ఒత్తిడి పోయి మరిగే నీళ్లు ముఖం మీదికి లేస్తాయి.

ఎప్పుడు వేడెక్కుతోంది అన్నది ఇక్కడ కీలకం. ట్రాఫిక్‌లో ఎక్కి, హైవే ఎక్కగానే దిగుతోందా? ఫ్యాను తిరగట్లేదు. ఇంజిన్ ఆన్‌లో ఉండగా ఏసీ వేయండి, చాలా కార్లలో రేడియేటర్ ఫ్యాను వెంటనే తిరగాలి. తిరగకపోతే ముందు ఫ్యూజు, తర్వాత రిలే (అదే సైజు వేరే రిలేతో మార్చి చూడొచ్చు), ఆ తర్వాత మోటారు. ట్రాఫిక్‌లో బాగానే ఉండి, హైవే మీద వందలో పోతే ఎక్కుతోందా? అప్పుడు ఫ్యాను తప్పు కాదు. కూలెంట్ తక్కువ ఉండాలి, లేదా రేడియేటర్ లోపల మూసుకుపోయి ఉండాలి, లేదా వాటర్ పంపు బలహీనపడి ఉండాలి. సెల్ఫ్ కొట్టిన కాసేపటికే, ఎక్కడున్నా ఎక్కిపోతుంటే థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక కూలెంట్ రేడియేటర్ వైపు పోయేలా తెరుచుకునే వాల్వ్) మూసుకుని ఇరుక్కుందేమో చూడాలి. పై హోసు కాలిపోతూ కింది హోసు చల్లగా ఉండటం దాని గుర్తు.

రేడియేటర్ మూసుకుపోవడానికి మన దగ్గర పెద్ద కారణం బోరు నీళ్లు. ఎక్కడో దారిలో తగ్గిందని బకెట్టెడు పోస్తారు, తర్వాత అదే అలవాటవుతుంది. గీజర్ రాడ్డు మీద కట్టే ఆ తెల్ల పొరే రేడియేటర్ సన్నగొట్టాల్లోనూ కడుతుంది. రెంటచింతల, రామగుండం లాంటి చోట మే నెలలో తిరిగే బండికి ఇక ఓపిక మిగలదు. కూలెంట్ పూర్తిగా తీసి, డిస్టిల్డ్ వాటర్‌తో రంగు పోయేదాకా కడిగి, కూలెంట్ సగం, డిస్టిల్డ్ వాటర్ సగం కలిపి పోయండి. కలిపే అమ్మే రెడీమేడ్ కూలెంట్ అయితే నీళ్లు కలపొద్దు, డబ్బా మీద చూసుకోండి. నింపాక మూత తీసి ఇంజిన్ ఐడిలింగ్‌లో ఉంచి గాలి బుడగలు పోనివ్వాలి. రేడియేటర్ బయటి వైపు, ఏసీ కండెన్సర్‌కీ దానికీ మధ్య పేరుకున్న దుమ్మూ పురుగులూ కూడా పైపుతో మెల్లగా కడగాలి.

నేల మీద మరక లేకుండానే కూలెంట్ తగ్గుతోందా? హోసుల అతుకుల దగ్గర, వాటర్ పంపు కింద ఎండిన తెల్లటి లేదా ఆకుపచ్చ చారలు వెతకండి. వేడి ఇంజిన్ మీద కారిన కూలెంట్ నేలకు చేరకముందే ఎండిపోయి, చార మాత్రం మిగులుతుంది. చారలు లేకపోతే చల్లని ఇంజిన్ మీద రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేయండి. మొదటి కాసిని బుడగలు పోయాక కూడా ఆగకుండా వస్తుంటే, సైలెన్సర్ నుంచి ఇంజిన్ వేడెక్కినా తగ్గని తెల్ల పొగ తియ్యటి వాసనతో వస్తుంటే హెడ్ గ్యాస్కెట్ పోయినట్టే. ఆయిల్ మూత కింద పాలు కలిపిన కాఫీలా జిడ్డు ఉండటం కూడా దీనికి గుర్తే అంటారు. కానీ వర్షాకాలంలో రోజూ రెండు కిలోమీటర్లే తిరిగే బండికి తేమ వల్ల కూడా మూత కింద అలాంటి పొర పడుతుంది. డిప్ స్టిక్ మీద కూడా అదే రంగు కనబడితేనే నమ్మండి.

లక్షణం: సిగ్నల్ దగ్గర వణుకు, మిస్సింగ్, పికప్ లేకపోవడం

ముందు ప్లగ్గులు. మామూలు నికెల్ ప్లగ్గులు ముప్పై నలభై వేల కిలోమీటర్లకు మార్చాలి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే విప్పండి, తీసే ముందు గుంతలోని దుమ్ము ఊదేయండి. కొత్తది పానాతో కాకుండా చేత్తో తిప్పి, వాషర్ తగిలాక మాత్రమే పానాతో మరో అర చుట్టు బిగించాలి. పాత ప్లగ్గులు సిలిండర్ల వరుసలోనే పెట్టి పోల్చండి. లేత గోధుమ రంగు ఆరోగ్యం, నల్లటి పొడి మసి పెట్రోలు ఎక్కువ, తడి జిడ్డు ఆయిల్ దిగుతున్నట్టు. ప్లగ్ గుంతలోనే ఆయిల్ నిలిచి ఉంటే ఇంజిన్ లోపలి తప్పు కాదు, పైన చెప్పిన రాకర్ కవర్ దగ్గర ప్లగ్ గుంతల చుట్టూ ఉండే రబ్బరు సీళ్లే. ఆ ఆయిల్‌లో నానిన కాయిల్ (ప్లగ్గుకు స్పార్కు కరెంటు ఇచ్చేది) రబ్బరు కూడా పాడై మిస్సింగ్ ఇస్తుంది.

చెక్ ఇంజిన్ లైటు వెలిగి స్కానర్‌లో పి0302 అని వస్తే రెండో సిలిండర్ మిస్సవుతోందని అర్థం. వెంటనే కాయిల్ కొనొద్దు. రెండో కాయిల్ తీసి మూడో దానికి, మూడోది రెండో దానికి పెట్టి, కోడ్ చెరిపేసి కాసేపు నడపండి. కోడ్ పి0303కి మారితే తప్పు కాయిల్‌ది. అక్కడే ఉండిపోతే ప్లగ్గు కూడా ఇలాగే మార్చి చూడండి. అదీ కాకపోతే ఇంజెక్టరో కంప్రెషనో.

ఐడిలింగ్ మాత్రమే సరిగా లేకపోతే థ్రోటిల్ బాడీ (గాలిని లోపలికి వదిలే రేకు ఉండే భాగం) నల్లగా పేరుకుని ఉంటుంది. క్లీనర్‌ను గుడ్డ మీద కొట్టి తుడవండి. ఎలక్ట్రానిక్ థ్రోటిల్ ఉన్న కార్లలో ఆ రేకును వేలితో నెట్టకండి.

లక్షణం: ఇంజిన్ నుంచి కొత్త చప్పుడు

పొద్దున స్టార్ట్ చేయగానే రెండు మూడు సెకన్లు గరగరమని ఆగిపోతే టైమింగ్ చైన్ (వాల్వులు సరైన సమయానికి తెరుచుకునేలా తిప్పే గొలుసు) వదులై ఉండొచ్చు. దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ ఆయిల్ ఒత్తిడి మీద పనిచేస్తుంది, ఒత్తిడి వచ్చేదాకా చైన్ కొట్టుకుంటుంది. ముందు ఆయిల్ మట్టం చూసి, సరైన గ్రేడ్ ఆయిల్, కంపెనీ ఫిల్టర్ వేసి చూడండి. రోజురోజుకీ ఎక్కువసేపు ఉంటుంటే చైన్ కిట్ తప్పదు. పాత శాంట్రో, 796 సీసీ ఆల్టో లాంటి వాటిలో చైన్ ఉండదు, బెల్టు ఉంటుంది. అది చప్పుడు చేసి హెచ్చరించదు, తెగుతుంది. ఎప్పుడు మార్చారో కాగితం లేకపోతే మార్చలేదనే లెక్క.

కీచుమంటే పక్కనున్న ఫ్యాన్ బెల్టు. ఇంజిన్ ఆన్‌లో ఉండగా చేయి దూరంగా పెట్టి బెల్టు మీద కాసిని నీళ్లు చిలకరించండి. చప్పుడు పెరిగితే బెల్టు వదులు. కాసేపు ఆగి మళ్లీ వస్తే పుల్లీలు వరుసలో లేవు.

పైనుంచి టకటకమంటే ట్యాపెట్లు (వాల్వులను నొక్కే భాగాలు), వాటి దగ్గరి సందు (క్లియరెన్స్) చూపించుకోండి. కింద నుంచి, లోడు మీద, దబదబమని బరువుగా వస్తే అది కనెక్టింగ్ రాడ్ బేరింగ్ కావచ్చు. అలా వచ్చినా, ఆయిల్ లైటు వెలిగినా బండిని ఇంటిదాకా నడపొద్దు, టోయింగ్ చేయించండి.

లక్షణం: మైలేజీ పడిపోయింది

ఇంజిన్ జోలికి పోయే ముందు టైర్లలో గాలి చూడండి, చక్రం ఎత్తి చేత్తో తిప్పండి. బరువుగా తిరిగితే బ్రేకులు పట్టుకున్నాయి. తర్వాత ఎయిర్ ఫిల్టర్. టెంపరేచర్ ముల్లు హైవే మీద ఎప్పుడూ సగానికి రాకుండా కిందే ఉంటే థర్మోస్టాట్ తెరిచి ఇరుక్కుంది, ఇంజిన్ చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తోంది.

కొంత తగ్గుదల పెట్రోలుదే. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. పాత పెట్రోలుకు తయారై 10 శాతానికి సరిచేసిన కార్లలో దీనివల్ల 6-7 శాతం మైలేజీ తగ్గుతుందని 2021 నాటి నీతి ఆయోగ్ రోడ్‌మ్యాప్‌లోనే అంచనా వేశారు. లీటరుకు 16 ఇచ్చే బండి 15 ఇస్తే కారణం అదే అనుకోవచ్చు, 12కి పడితే కాదు. పాత కార్ల రబ్బరు ట్యూబులు ఈ పెట్రోలును దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. కాబట్టి ఆయిల్ మార్చిన ప్రతిసారీ ఇంజిన్ దగ్గరి పెట్రోలు ట్యూబును వేళ్లతో వంచి చూడండి. సన్నటి పగుళ్లు కనబడినా, వేలికి పెట్రోలు వాసన అంటినా మిగతా పనులన్నీ పక్కన పెట్టి ముందు ఆ ట్యూబూ క్లిప్పులూ మార్చండి.