థ్రిల్లర్ సినిమా ఇంటిల్లిపాదీ చూడవచ్చా?

సంక్రాంతికి కోనసీమ ఇళ్లలో అల్లుళ్లు, మనవలు, మామ్మగారు అందరూ ఒకే టీవీ ముందు చేరతారు. థ్రిల్లర్ మధ్యలో ఇబ్బందికరమైన దృశ్యం వస్తే మామగారి దగ్గు, రిమోట్ కోసం వెతుకులాట మామూలే.

ముందు సర్టిఫికెట్ చూడండి. 2024 నుంచి యూఏలోనే (పెద్దల మార్గదర్శకత్వంలో పిల్లలు చూడదగ్గ సినిమాలకు సెన్సార్ ఇచ్చేది) 7+, 13+, 16+ అని మూడు రకాలున్నాయి. పది, పన్నెండేళ్ల పిల్లలుంటే 16+ పక్కన పెట్టేయడమే. ఓటీటీలో వయసు పక్కనే హింస, భాష, నగ్నత్వం అంటూ కారణం కూడా రాస్తారు. అసలు సంగతి అక్కడే తెలుస్తుంది. ఆ తర్వాత ఫోనులో శబ్దం తీసేసి మొదటి పది నిమిషాలు, చివరి ఇరవై నిమిషాలు, మధ్యలో హంతకుడి ఫ్లాష్‌బ్యాక్ తిప్పి చూడండి. ఈ ఫ్లాష్‌బ్యాక్ ఎక్కువగా విశ్రాంతి తర్వాత వస్తుంది. చూడలేని అఘాయిత్యాలన్నీ మన దర్శకులు అక్కడే కుక్కుతారు. హంతకుడెవరో మీకు ముందే తెలిసిపోతుందనుకోండి, ఆ నష్టం ఇంట్లో ఒకరు భరించక తప్పదు.

థియేటర్ సర్టిఫికెట్‌ను మాత్రం ఓటీటీకి నమ్మవద్దు. అక్కడ కత్తిరించినవి ఇక్కడ మళ్లీ కనిపించవచ్చు. శబ్దం లేకపోతే బూతులు దొరకవు కాబట్టి సబ్‌టైటిళ్లు పెట్టుకోండి.