వెనక సంచి సంగతి ముందు చూడండి

రైఫిల్‌కు ఆధారం అనగానే అందరి చూపూ ముందువైపే పోతుంది. ఏ బైపాడ్ (ముందు బిగించే రెండు కాళ్ల ఆధారం) కొనాలి, ముందు పెట్టే స్టాండ్ ఎంత బరువుండాలి అని అడుగుతారు. గురి నేర్చుకోవడానికి నా దగ్గరకు వచ్చేవాళ్లకు నేను మొదట చేతికిచ్చేది గుప్పిట్లో ఇమిడే చిన్న ఇసుక సంచి. దాన్ని బట్ కింద, అంటే భుజానికి ఆనే చివర కింద పెట్టుకోమంటాను. ముందున్న ఆధారం రైఫిల్ బరువు మోస్తుంది. గురిని నిలబెట్టేది వెనక సంచి.

లెక్క వేసి చూడండి. ముందు ఆధారానికీ వెనక సంచికీ మధ్య 60 సెంటీమీటర్ల దూరం ఉందనుకుందాం. ముందుది కదలకుండా ఉండి, వెనక చివర ఒక్క మిల్లీమీటరు లేచినా, 100 మీటర్ల అవతల గురి సుమారు 167 మిల్లీమీటర్లు దిగిపోతుంది. జానెడుకు కాస్త తక్కువ. బట్‌ను భుజం మీదా చేతి మీదా మాత్రమే నిలిపితే, ఊపిరి తీసినప్పుడల్లా అది మిల్లీమీటరు కంటే ఎక్కువే కదులుతుంది. ముందు ఎంత ఖరీదైన స్టాండ్ పెట్టినా ఆ కదలికను ఆపలేదు.

ఇక అమరిక దగ్గరికి వద్దాం. బల్ల ఊగుతుంటే మిగతాదంతా వృథా. అరచేతులు ఆనించి గట్టిగా నొక్కి చూడండి. కదిలితే బల్ల కాలి కింద చెక్కముక్క పెట్టి సరిచేయండి, కుదరకపోతే నేల మీద పడుకుని కాల్చండి. స్కోప్‌లోకి చూడడానికి మెడ వంచే పనీ సాగదీసే పనీ లేకుండా కుర్చీ ఎత్తు ఉండాలి. రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాలి. ఛాతీని బల్ల అంచుకు అదిమి కూర్చోకండి, గుండె కొట్టుకున్నప్పుడల్లా క్రాస్‌హెయిర్ (స్కోప్‌లో కనిపించే గురి గీతలు) అదరడం మీకే కనిపిస్తుంది. సంచులు సర్దుతున్నంతసేపూ చాంబర్ (తూటా కూర్చునే గది) ఖాళీగా ఉండాలి, దాన్ని మూసే బోల్టు తెరిచి ఉండాలి, గొట్టం మూతి టార్గెట్ వైపే ఉండాలి. ఆ సమయంలో చేతులూ కళ్లూ సంచి మీద ఉంటాయి, ట్రిగ్గర్ మీద ధ్యాస ఉండదు. అందుకే ఈ విషయంలో నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను. చెవులకూ కళ్లకూ రక్షణ ఎలాగూ తప్పనిసరి.

ముందు సంచి స్టాక్ (గొట్టాన్ని మోసే చెక్క లేదా ప్లాస్టిక్ భాగం) ముందుభాగం కింద, మ్యాగజైన్‌కూ స్లింగ్ (పట్టీ) తగిలించే కొక్కేనికీ మధ్య ఉండాలి. కొక్కెం సంచికి మరీ దగ్గరగా ఉంటే, పేలగానే రైఫిల్ వెనక్కి జారినప్పుడు అది సంచిని కొట్టుకుని, రైఫిల్ మూతి పైకి ఎగురుతుంది. మీకు కుదిరిన చోటు దొరికాక స్టాక్ మీద చిన్న టేపు ముక్క అంటించండి. ప్రతి తూటాకూ అదే చోటు సంచి మీదికి రావాలి. మూతి మాత్రం సంచినీ బల్ల అంచునూ దాటి ముందుకు ఉండాలి, లేదంటే పేలుడు గాలికి సంచి చిరిగిపోతుంది.

గొట్టాన్ని దేనికీ ఆనించకండి. తూటా లోపల పరుగెత్తుతున్నప్పుడు గొట్టం మీటిన తీగలా కంపిస్తుంది. ఆ కంపనం ప్రతిసారీ ఒకేలా ఉంటేనే తూటాలు ఒకే చోటికి వెళ్తాయి. గొట్టం కింద ఏదైనా తగిలితే కంపనం మారుతుంది, తూటా సాధారణంగా ఆ ఆధారానికి ఎదురు దిక్కుకు, అంటే పైకి పోతుంది. ఇప్పటి రైఫిళ్లలో చాలావాటికి గొట్టం స్టాక్‌ను తాకకుండా విడిగా ఉంటుంది. మీది అలాంటిదే అయితే, రైఫిల్‌ను సంచుల మీద పెట్టాక ఒక కాగితం ముక్కను గొట్టానికీ స్టాక్‌కూ మధ్య దూర్చి వెనక్కి లాగి చూడండి. ఎక్కడా పట్టకుండా రావాలి. ప్లాస్టిక్ స్టాక్ అయితే ఈ పరీక్ష తప్పకుండా చేయండి. చేతిలో ఉన్నప్పుడు దూరంగా కనిపించిన స్టాక్, సంచి మీద బరువు పడగానే వంగి గొట్టానికి తగలవచ్చు.

ఇప్పుడు వెనక సంచి. పొడి ఇసుకతో, ముప్పాతిక వంతు నింపినది కావాలి. పూర్తిగా నింపితే రాయిలా గట్టిపడి పిండడానికి లొంగదు, సగానికి తగ్గితే కుంగిపోతుంది. తడి ఇసుక పనికిరాదు. మోసుకు తిరగాలంటే ప్లాస్టిక్ పూసలు నింపినది తేలిగ్గా ఉంటుంది కానీ, బల్ల మీద నాకు ఇసుకే ఇష్టం. బరువు వల్ల అది ఉన్నచోటే ఉంటుంది.

కుడిచేతివాటం వాళ్లయితే కుడిచేయి పిడి మీద ఉంటుంది. ఎడమచేతిని ముందుకు చాపి స్టాక్‌ను పట్టుకోవాలని అనిపిస్తుంది. వద్దు. బరువు మోయడానికి అక్కడ సంచి ఉంది. ఎడమచేతిని ఛాతీ ముందుగా మడిచి, వేళ్లతో వెనక సంచిని పట్టుకోండి. సంచిని పిండితే ఇసుక పైకి ఉబ్బుతుంది, బట్ లేస్తుంది, గురి దిగుతుంది. వేళ్లు వదిలితే బట్ కుంగి గురి పైకి పోతుంది. ఏమీ పిండనప్పుడు క్రాస్‌హెయిర్ గురిబిందువుకు కాస్త పైన ఉండేలా సంచిని పెట్టుకోండి. అప్పుడు సగం పట్టుతో అది బిందువు మీదికి దిగుతుంది, పైకీ కిందికీ సవరించుకోవడానికి వేళ్లలో చోటు మిగులుతుంది. తేడా ఎక్కువగా ఉంటే పిండి సరిచేయాలని చూడకండి, సంచినే జరపండి. చాలా స్టాక్‌ల అడుగుభాగం భుజం వైపు ఏటవాలుగా దిగుతుంది. అలాంటప్పుడు సంచిని భుజం వైపు లాగితే బట్ లేస్తుంది, పిడి వైపు నెడితే దిగుతుంది. చేయి వణుకుతోందంటే పట్టు ఎక్కువైందని అర్థం. స్కోప్‌లో చూస్తూ ఒక్క చిటికెనవేలిని మాత్రం బిగించి వదలండి, క్రాస్‌హెయిర్ ఎంత సన్నగా కదులుతుందో తెలుస్తుంది. కొత్తవాళ్లు ఈ ఒక్క పని మీద తూటా లేకుండా కాసేపు కూర్చుంటే వాళ్ల గ్రూపు (ఒకే గురితో కాల్చిన రంధ్రాల గుంపు) ఎలా బిగుస్తుందో నేను చాలామందిలో చూశాను.

గురి కుదిరిందనిపించాక కళ్లు మూసుకోండి. రెండుసార్లు ఊపిరి పీల్చి వదిలి, ఒళ్లంతా సడలించి కళ్లు తెరవండి. క్రాస్‌హెయిర్ పక్కకు పోయి ఉంటే, ఇంతవరకు దాన్ని అక్కడ నిలిపింది మీ కండరాలే. చేత్తో తోసి సరిచేయకండి. ముందు ఆధారాన్నో, మీ నడుమునో జరిపి మళ్లీ చూడండి. మీరు ఏమీ చేయకపోయినా రైఫిల్ గురిబిందువునే చూస్తుండాలి. అప్పుడు ఊపిరి సహజంగా వదిలాక వచ్చే విరామంలో ట్రిగ్గర్‌ను తిన్నగా వెనక్కి నొక్కండి. ఏడెనిమిది సెకన్లు దాటినా పేలకపోతే వేలు తీసి మళ్లీ ఊపిరి తీసుకోండి. ఆ తర్వాత చూపు మసకబారడం మొదలవుతుంది. పేలాక కూడా ట్రిగ్గర్‌ను నొక్కే ఉంచి, క్రాస్‌హెయిర్ ఎక్కడికి వచ్చి ఆగిందో చూడండి. నేరుగా వెనక్కి తన్ని మళ్లీ టార్గెట్ దగ్గరికే వస్తే మీ ఒళ్లు రైఫిల్ వెనక సరిగ్గా ఉన్నట్టు. ప్రతిసారీ ఒకే పక్కకు ఎగురుతుంటే మీరు వంకరగా కూర్చున్నట్టు.

బైపాడ్ గురించి ఎక్కువ చెప్పాల్సిన పని లేదు. కాళ్లు ఎంత పొట్టిగా ఉంచగలిగితే అంత మంచిది. భుజంతో కొద్దిగా ముందుకు ఒరిగి కాళ్ల మీద సమానమైన ఒత్తిడి పెట్టండి, ప్రతిసారీ అంతే ఒత్తిడి ఉండాలి. కాంక్రీటు మీద కాళ్లు ఎగురుతాయి కాబట్టి కింద చాపముక్కో పాత తివాచీ ముక్కో పరచండి. గట్టి వస్తువు దేనికైనా ఇదే సూత్రం. గోడ, రాయి, చెట్టుకొమ్మ మీద స్టాక్‌ను నేరుగా పెడితే రైఫిల్ దాని నుంచి ఎగిరి దూరం జరుగుతుంది. మధ్యలో మడిచిన చొక్కానో టోపీనో పెట్టండి, లేదా మీ అరచేతినే పెట్టండి.

గోడ మీదుగా కాల్చేటప్పుడు ఇంకో జాగ్రత్త ఉంది. స్కోప్, గొట్టం కంటే నాలుగైదు సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. స్కోప్‌లో దారి స్పష్టంగా కనిపిస్తున్నా, కింద గొట్టం మూతికి రాయి అడ్డుగా ఉండవచ్చు. బోల్టు తెరిచి, తల పైకెత్తి మూతి ముందు ఏముందో కంటితో చూశాకే తూటా పెట్టండి.

భారీ బరువులు వేసి రైఫిల్‌ను బిగించే ఇనుప చట్రాలు నాకు నచ్చవు. వెనక్కి జరిగే వీలు లేక ఆ తన్నంతా స్టాక్ మీదా స్కోప్ బిగింపుల మీదా పడుతుంది, స్టాక్ పగిలే ప్రమాదం ఉంది. పైగా చట్రంలోంచి తీసి మామూలుగా కాల్చితే తూటా వేరేచోట తగులుతుంది. స్ప్రింగుతో పనిచేసే ఎయిర్ రైఫిల్‌ది మరో తీరు. లోపలి పిస్టన్ ముందుకు దూసుకెళ్లి ఆగే క్రమంలో, పెల్లెట్ (చిన్న గుండు) గొట్టం దాటకముందే రైఫిల్ వెనక్కీ ముందుకూ రెండుసార్లు కదులుతుంది. దాన్ని సంచి మీద గట్టిగా ఆనిస్తే గురి చెదురుతుంది. సంచి మీద మీ అరచేయి పెట్టి, తెరిచిన అరచేతిలో రైఫిల్‌ను వదులుగా నిలపండి. బిగించి పట్టుకోవద్దు.

ఆధారం పెట్టుకుని కాల్చడం నామోషీ అనుకునేవాళ్లు కొందరున్నారు. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో ఆధారం నిషిద్ధమే, స్లింగ్ కూడా వాడనివ్వరు. కానీ దూరపు టార్గెట్లను కాల్చే ఎఫ్-క్లాస్ పోటీలు పూర్తిగా ఆధారం మీదే నడుస్తాయి. అందులో ఒక విభాగం బైపాడ్‌కు, ఇంకొకటి ముందు స్టాండ్‌కు. రెండింటిలోనూ వెనక సంచి ఉంటుంది. పారా షూటింగ్‌లో ఎస్‌హెచ్2 విభాగం వాళ్లు చేతులతో రైఫిల్ బరువు మోయలేరు కాబట్టి స్ప్రింగు అమర్చిన స్టాండ్ మీద పెట్టి కాలుస్తారు. ఆ పోటీలు ఒక్కసారి చూసినవాళ్లెవరూ దాన్ని తేలిక పని అనరు. నిలబడి కాల్చేవాళ్లకూ ఆధారం కావాలి. తప్పు రైఫిల్‌దా, తూటాలదా, తమదా అన్నది దాని మీద కాల్చితేనే తెలుస్తుంది.

అయిదు తూటాలు కాల్చి టార్గెట్ తెచ్చుకుని చదవండి. రంధ్రాలు నిలువుగా బారులు తీరితే ముందుగా వెనక సంచి పట్టును, తర్వాత టేపు ముక్క స్థానాన్ని, ఊపిరిని అనుమానించండి. అడ్డంగా పరుచుకుంటే గాలి కావచ్చు, ట్రిగ్గర్‌ను పక్కకు లాగడం కావచ్చు, బుగ్గను స్టాక్ మీద ఒక్కోసారి ఒక్కో బరువుతో ఆనించడం కావచ్చు. నాలుగు ఒకచోట, ఒకటి దూరంగా పడితే దాన్ని లెక్కలోంచి తీసేయకండి, అది కూడా మీ గ్రూపులోదే. గ్రూపు బిగువుగా ఉండి చోటు మాత్రం తప్పితే అప్పుడే స్కోప్ మీది సవరణ మరలు తిప్పండి. చాలా స్కోప్‌లలో ఒక క్లిక్కు అంటే పావు ఎంఓఏ (ఎంఓఏ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు కోణం), 100 మీటర్లలో సుమారు 7 మిల్లీమీటర్లు. గ్రూపే చెదిరి ఉంటే క్లిక్కులు తిప్పడం దండగ.

సంచుల మీద సున్నా చేసిన (తూటా గురిబిందువుకే తగిలేలా స్కోప్ సరిచేసిన) రైఫిల్‌ను బైపాడ్ మీద, స్లింగ్‌తో, చేతి మీద కూడా ఒక్కో గ్రూపు కాల్చి చూడండి. కొన్ని రైఫిళ్లలో తేడా కనిపించదు, కొన్నింటిలో గ్రూపు మొత్తం పక్కకు జరుగుతుంది. ఏ ఆధారం, ఎలాంటి నేల, ఎంత దూరం, ఎన్ని క్లిక్కుల తేడా అని పుస్తకంలో రాసుకోండి. తూటాల రకం మార్చినప్పుడు మళ్లీ మొదటినుంచి రాయాలి.