ఖాతాలో డబ్బున్నా వీసా రాకపోతే: సమస్య - పరిష్కారం

వీసా తిరస్కరణకు గురైనవారు విజయవాడలోనైనా గుంటూరులోనైనా చెప్పే మొదటి మాట దాదాపు ఒక్కటే: "అన్ని కాగితాలూ పెట్టాం, బ్యాంకులో డబ్బు కూడా చూపించాం, అయినా ఇవ్వలేదు." తిరస్కరణ లేఖ చూపించమంటే అది ఏజెంటు దగ్గర ఉందంటారు. ముందు ఆ లేఖ తెప్పించుకుని ప్రతి వాక్యమూ చదవాలి. షెంగెన్ దేశాల (ఉమ్మడి వీసా ఇచ్చే ఐరోపా దేశాలు) లేఖలో కారణాలన్నీ వరుసగా ముద్రించి, మీకు వర్తించే వాటికి గుర్తు పెడతారు. బ్రిటన్ లేఖలో అధికారి ఏ కాగితం చూసి ఏమి సందేహించారో వాక్యాల్లో రాస్తారు. అమెరికా పర్యాటక వీసాకు ఇచ్చే కాగితంలో చాలా వరకు 214(బి) అనే సెక్షను (తిరిగి వెళతారన్న నమ్మకం కలిగించలేదని అర్థం) తప్ప మీ గురించిన వివరం ఉండదు. అక్కడ కాగితాలకన్నా డీఎస్-160 అనే ఆన్‌లైన్ దరఖాస్తు ఫారంలో రాసినదీ, ఇంటర్వ్యూలో చెప్పినదీ ఎక్కువ పనిచేస్తాయి.

సమస్య: దరఖాస్తు ఇచ్చే కౌంటరు దగ్గరే వెనక్కి పంపారు, లేదా వీసా వచ్చినా విమానం ఎక్కనివ్వలేదు.

కారణం చాలాసార్లు పేరే. ఇంత తేలికైన పరీక్షను ఇంతమంది వదిలేయడం చూస్తే బాధ కలుగుతుంది. మన ప్రాంతంలో ఇంటిపేరు పొడి అక్షరంగానే చలామణీ అవుతుంది కనుక, పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి పేరంతా రెండో గడిలో (గివెన్ నేమ్) ఉన్నవారు, ముఖ్యంగా పెద్దవారు, ఇప్పటికీ ఎందరో ఉన్నారు. అలాంటివారి పేరును అమెరికా ఫారంలో ఇంటిపేరు గడిలో రాసి, రెండో గడిలో ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని నింపాలి. పాస్‌పోర్టులో ఒకే పదం పేరుగా ఉన్నవారిని సందర్శక వీసాపై అనుమతించబోమని యూఏఈ 2022 నవంబరులోనే ప్రకటించింది. పరిష్కారం సులువు: ఫారం, టికెట్టు, బీమా, ఆహ్వాన లేఖ అన్నిటిలోనూ పేరు ఆధార్ చూసి కాక పాస్‌పోర్టు చూసి అక్షరం అక్షరం రాయాలి. పాస్‌పోర్టులోనే లోపముంటే, టికెట్టు కొనకముందే దాన్ని సరిచేయించి కొత్తది తీసుకోవాలి. గడువు, ఖాళీ పేజీలు కూడా అప్పుడే చూసుకోవాలి.

సమస్య: ఖాతాలో కావలసినదానికన్నా ఎక్కువ డబ్బుంది, అయినా "నిధులు చూపలేదు" లేదా "తిరిగి వెళతారన్న నమ్మకం లేదు" అన్నారు.

బయటికి కనబడకుండా ఎక్కువమందిని దెబ్బతీసేది ఇదే. డబ్బు ఎంత ఉందన్నది అధికారి చూసే చివరి విషయం. ఆయన ముందుగా మూడు అంకెలను పక్కపక్కన పెడతారు: ఫారంలో మీరు రాసిన ఆదాయం, ఐటీ రిటర్నులో ప్రకటించిన ఆదాయం, స్టేట్‌మెంటులో ఆరు నెలలుగా వచ్చిపోయిన సొమ్ము. ఈ మూడూ ఒకే మనిషివిగా కనిపించాలి. నెలకు ముప్పై వేలు వచ్చే ఖాతాలో దరఖాస్తుకు మూడు వారాల ముందు పన్నెండు లక్షలు ఒకేసారి జమ అయితే, ఆ పన్నెండు లక్షలు మీ బలం కావు, జవాబు లేని ప్రశ్న అవుతాయి. ఆ ప్రశ్న తలెత్తిన తర్వాత మిగిలిన కాగితాలన్నిటినీ అనుమానంతోనే చదువుతారు, అందుకే నిధులకు సంబంధించిన లోపం కాస్తా లేఖలో ఉద్దేశానికి సంబంధించిన లోపంగా మారుతుంది.

మన దగ్గర ఈ సొమ్ము చాలాసార్లు నిజమైనదే కావడం విచారకరం. మిర్చి రైతుకు ఆదాయం నెలనెలా రాదు. శీతల గిడ్డంగిలో నిలవ పెట్టిన సరుకు ధర పలికినప్పుడు యార్డులో అమ్మితే ఏడాది రాబడి ఒక్క వారంలో చేతికి వస్తుంది. ఆ రాబడిని అలాగే చెప్పాలి. ఫలానా తేదీన జమ అయిన ఫలానా మొత్తం ఫలానా పంటదని ఒక పేజీ కవరింగ్ లెటరులో రాసి, దానికి కమిషన్ ఏజెంటు ఇచ్చిన అమ్మకం పట్టీ, గిడ్డంగి రసీదు, పట్టాదారు పాస్‌పుస్తకం, అడంగల్ జతచేయాలి. తెలుగులో ఉన్నవాటికి ఇంగ్లీషు అనువాదం పెట్టాలి. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేకపోయినా, రిటర్ను వేసేవారు దాన్ని మినహాయింపు ఆదాయంగా అందులో చూపాలి. "పన్ను లేదు కదా" అని వదిలేసిన ఆ గడే తర్వాత అడ్డం తిరుగుతుంది.

చీటీ పాడుకున్న డబ్బయితే రిజిస్టరైన చిట్ కంపెనీ ఇచ్చిన చెల్లింపు పత్రం ఉండాలి. కాగితం లేని ఊరి చీటీ సొమ్మును ఆధారంగా చూపకపోవడమే మేలు. బంగారం కుదువపెట్టి తెచ్చినది అప్పు, దాన్ని పొదుపుగా చూపకూడదు. విదేశంలో ఉన్న కొడుకో కూతురో ఖర్చు భరిస్తుంటే, వారు పంపిన డబ్బును తండ్రి ఖాతాలో నిలబెట్టి ఆయనదిగా చూపే అవసరమే లేదు. బ్రిటన్ నిబంధనలు బంధువు ఖర్చు భరించడాన్ని అంగీకరిస్తాయి. బంధుత్వానికి రుజువు, వారి జీతం చీటీలు, స్టేట్‌మెంటు, అక్కడ చట్టబద్ధంగా ఉంటున్నట్టు ఆధారం పెట్టి, ఫారంలో ఖర్చు ఎవరిదో ఉన్నదున్నట్టు రాస్తే చాలు.

వడ్డీకి డబ్బు తెచ్చి కొన్నాళ్లు ఖాతాలో నిలబెడతామనే ఏజెంట్ల మాట దయచేసి వినవద్దు. బ్రిటన్ దరఖాస్తులో మోసం చేసినట్టు తేలితే పదేళ్లపాటు వీసాలు నిరాకరించవచ్చు, ఆ భారమంతా దరఖాస్తుదారుదే. మూలం చూపలేని పెద్ద జమ ఇప్పటికే పడి ఉంటే, ఆ జమకు ఆరు నెలలు దాటేవరకు ఆగి, మామూలు రాకపోకలున్న స్టేట్‌మెంటుతో వెళ్లడం మంచిది.

వ్యాపార వీసాలో ఇదే లోపం మరో రూపంలో వస్తుంది. ఎగుమతిదారు డబ్బంతా సంస్థ కరెంటు ఖాతాలో తిరుగుతుంది, జతచేసేది మాత్రం ఏమీ లేని సొంత ఖాతా. రెండిటి స్టేట్‌మెంట్లూ, జీఎస్టీ, ఐఈసీ (ఎగుమతి-దిగుమతి కోడ్), మిర్చి అయితే స్పైసెస్ బోర్డు నమోదు పత్రమూ కలిపి పెట్టాలి. ఆహ్వాన లేఖలోని తేదీలూ పాస్‌పోర్టు నంబరూ ఫారంతో సరిపోవాలి.

సమస్య: తిరిగి దరఖాస్తు చేసినా అదే జవాబు.

అవే కాగితాలు మళ్లీ పెట్టారు, అంతే. లేఖలో చెప్పిన ప్రతి సందేహానికీ కొత్త ఆధారం చేరేవరకు రుసుము కట్టవద్దు. పాత తిరస్కరణ గురించి ఫారం అడిగిన చోట దాచకుండా రాయాలి. షెంగెన్‌కు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు తీసుకుంటారు, నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, ఒక్కోసారి 45 రోజుల వరకూ పడుతుంది కనుక తొందరపడవలసిన పని లేదు.

వేళ్లకు గోరింటాకో గాయమో ఉండి వేలిముద్రలు పడకపోవడం, రుసుము చెల్లింపు మధ్యలో ఆగిపోవడం, అమెరికా వీసా 221(జి) సెక్షను కింద అదనపు పరిశీలనకు వెళ్లడం కూడా జరుగుతుంటాయి. మొదటి దానికి వేలు మానాక మళ్లీ వెళ్లాలి, రెండో దానికి బ్యాంకులో డబ్బు కోత పడిందో లేదో చూసుకున్నాకే మళ్లీ కట్టాలి, మూడో దానికి వారడిగిన కాగితం పంపి ఎదురుచూడాలి.